కెర్నెల్ మారాక కమాండ్ నెమ్మదిస్తే తప్పు ఎక్కడ వెతకాలి?

కోడూరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు నెట్ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో, ఇంజినీరింగ్ చదివే పిల్లల ఇళ్లలో కొత్త కంప్యూటర్ కన్నా పాతదే ఎక్కువగా కనిపిస్తుంది. ఏ హైదరాబాద్ కంపెనీలోనో మూడు నాలుగేళ్లు పనిచేసి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీకో విజయవాడ బజారుకో చేరి, కొత్త బ్యాటరీ వేయించుకుని పులిగడ్డ దాటి దివిసీమలోకి వచ్చిన యంత్రాలవి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అందుకని ఆరో తరం, ఏడో తరం లాప్‌టాప్‌లకు మిగిలిన మంచి దారి లైనక్స్. ఉబుంటునో మింటునో వేస్తే అవి మళ్లీ కొన్నేళ్లు పనికొస్తాయి. ఆ దారిలోకి వచ్చినవాళ్ల నోట తరచూ వినపడే మాట ఇది: "మొన్నటిదాకా బాగానే ఉంది. కెర్నెల్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి ఏ కమాండ్ కొట్టినా కదలట్లేదు."

ఈ మాటను కొట్టిపారేయకూడదు, అలాగని ఉన్నదున్నట్టు నమ్మనూ కూడదు. కెర్నెల్ మార్పు వల్ల యంత్రాలు నిజంగా నెమ్మదించిన సందర్భాలు గత పదేళ్లలో ఎన్నో ఉన్నాయి. లైనక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ సొంత యంత్రమే అలా నెమ్మదించింది. కానీ అప్‌డేట్ తర్వాత వచ్చిన జబ్బుకు ప్రతిసారీ అప్‌డేటే కారణం కాదు. ఈ రెండింటినీ విడదీయడం ఎలాగన్నదే ఈ వ్యాసం విషయం. విడదీయకుండా వైద్యం మొదలుపెడితే జరిగే నష్టం చిన్నది కాదు. ఎక్కడో చదివిన ఒక్క మాట పట్టుకుని భద్రతా రక్షణలన్నీ తీసేసినవాళ్లు, అసలు కారణమైన పాడైపోతున్న హార్డ్ డిస్క్‌ను అలాగే వదిలేసి ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అప్‌డేట్ ఎప్పుడూ ఒంటరిగా రాదు. దానితో రీబూట్ వస్తుంది. నెల రోజులుగా ఆపకుండా నడుస్తున్న యంత్రంలో తరచూ వాడే ఫైళ్లన్నీ ర్యామ్‌లో నిలవ ఉంటాయి. రీబూట్ కాగానే ఆ నిలవ ఖాళీ. మొదటిసారి కొట్టిన ప్రతి కమాండూ డిస్క్ దాకా వెళ్లి రావాలి. పళ్లెం తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే ఆ తేడా కంటికి కొట్టినట్టు కనిపిస్తుంది. అదే సమయంలో వెనకాల ఫైళ్ల సూచికను తిరగరాసే ప్రోగ్రాములు, మిగిలిన ప్యాకేజీలను దింపుకునే సేవలు, మాన్యువల్ పేజీల జాబితా కట్టే పనులు డిస్క్‌ను పట్టుకుని ఉంటాయి. కెర్నెల్‌తోపాటు ప్రాసెసర్ మైక్రోకోడ్, గ్రాఫిక్స్ డ్రైవర్, సీ లైబ్రరీ కూడా మారి ఉండవచ్చు. కాబట్టి రీబూట్ అయిన మొదటి గంటలో ఏ తీర్పూ చెప్పకూడదు.

ఆ గంట గడిచాక కూడా నెమ్మదిగానే ఉంటే చేయాల్సిన మొదటి పని పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడటం. నా దృష్టిలో మిగతా పరీక్షలన్నీ దీని తర్వాతే. ఉబుంటు, డెబియన్, ఫెడోరా ఏదైనా సరే, కొత్త కెర్నెల్ వేసేటప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయవు. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే అది అక్కడే ఉంటుంది. మిగతా ప్యాకేజీలేవీ ముట్టుకోకుండా ఒక్క కెర్నెల్‌ను మాత్రమే వెనక్కి మార్చి, అదే కమాండ్‌ను, అదే ఫోల్డర్‌లో, చార్జర్ పెట్టి ఉంచే, నాలుగైదు సార్లు నడపాలి. మొదటి కొలతను వదిలేయాలి, ఎందుకంటే అందులో డిస్క్ చదివే సమయం కలిసి ఉంటుంది. పాత కెర్నెల్‌లోనూ అంతే నెమ్మదిగా ఉంటే కెర్నెల్ నిర్దోషి. ఇంత సులువైన పరీక్షను చాలామంది దాటేసి, వారం రోజులు సెట్టింగులు మారుస్తూ కూర్చుంటారు.

కొలవడానికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. కమాండ్ ముందు టైమ్ అన్న మాట చేర్చి నడిపితే చివర్లో మూడు అంకెలు వస్తాయి. రియల్ అంటే గోడ గడియారం ప్రకారం పట్టిన మొత్తం సమయం. యూజర్ అంటే ప్రోగ్రాం తన సొంత లెక్కల కోసం ప్రాసెసర్‌ను వాడుకున్న సమయం. సిస్ అంటే ఆ ప్రోగ్రాం తరఫున కెర్నెల్ పనిచేసిన సమయం. కృష్ణా డెల్టా శివారు రైతుకు ఈ మూడింటి సంగతి విడమర్చి చెప్పనవసరం లేదు. కోడూరు పొలానికి నీరు అందకపోతే బ్యారేజీ దగ్గరే తక్కువ వదిలారా, పైన కాలువకు ఎవరైనా అడ్డుకట్ట వేశారా, తన బోదెలోనే గడ్డి పేరుకుందా అని విడివిడిగా చూస్తాడు గానీ, నీళ్లు రాలేదని ఊరుకోడు. యూజర్, సిస్ రెండూ చిన్నవిగా ఉండి రియల్ మాత్రం పెద్దదైతే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, ప్రోగ్రాం దేనికోసమో ఎదురుచూస్తోంది. సిస్ పెరిగితే కెర్నెల్ పని బరువెక్కింది. యూజర్ పెరిగితే ప్రాసెసరే నెమ్మదిగా నడుస్తోంది, లేదా ప్రోగ్రాం మారింది. ఈ మూడు దారుల్లో మన యంత్రం దేనిలో ఉందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఎదురుచూపుల సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అప్‌డేట్ మీద పడే నిందల్లో పెద్ద వాటా దీనిదే. ఎదురుచూపు అయితే ఆలస్యం ఎంతన్న అంకెను జాగ్రత్తగా చూడాలి. సరిగ్గా 5 సెకన్లో 10 సెకన్లో ఆగి, తర్వాత పని చకచకా అయిపోతే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. పేరు అడిగిన సర్వర్ పలకకపోతే లైనక్స్ మామూలుగా 5 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. 25 సెకన్లు ఆగితే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ దగ్గర ఎవరో జవాబివ్వలేదని. బూట్‌లో 90 సెకన్లు ఆగితే సిస్టమ్‌డీ ఏదో సేవ కోసమో, లేని డిస్క్ కోసమో కాచుకుని ఉందని. నిజంగా పని బరువెక్కితే ఆలస్యం పనిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ప్రతిసారీ గుండ్రటి అంకె దగ్గరే ఆగదు. సుడో కొట్టగానే ఆగిపోయే యంత్రాల్లో తరచూ దొరికే కారణం మరీ చిన్నది. యంత్రం పేరు హోస్ట్స్ ఫైల్‌లో లేదు, ఆ పేరేమిటో నెట్‌ను అడుగుతోంది. ఊళ్లో నెట్ బాగున్న రోజు ఇది బయటపడదు. కేబుల్ తెగిన రోజు బయటపడుతుంది, ఆ రోజే అప్‌డేట్ అయి ఉంటే తప్పు కెర్నెల్ ఖాతాలోకి పోతుంది.

అయితే ఎదురుచూపుకు కెర్నెలే కారణమైన ఘట్టం కూడా ఒకటి ఉంది, చాలా నేర్పేది. 2019 సెప్టెంబరులో 5.3 కెర్నెల్ విడుదలకు ముందు అహ్మద్ దార్విష్ అనే డెవలపర్ తన యంత్రం బూట్ మధ్యలో ఆగిపోతోందని చెప్పారు. వెతికితే తేలిన కారణం ఎవరూ ఊహించనిది. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంలో చేసిన ఒక మెరుగుదల వల్ల డిస్క్‌తో పని తగ్గింది. డిస్క్ పనుల మధ్య వచ్చే చిన్న చిన్న కాల వ్యత్యాసాల నుంచి కూడా కెర్నెల్ యాదృచ్ఛిక సంఖ్యలకు కావలసిన ముడిసరుకు పోగేసుకుంటుంది. డిస్క్ పని తగ్గేసరికి ఆ ముడిసరుకు చాలలేదు. యాదృచ్ఛిక సంఖ్య అడిగిన ప్రోగ్రాం కూర్చుండిపోయింది. టోర్వాల్డ్స్ 5.3లో ఆ ఎక్స్‌టీ4 మెరుగుదలనే వెనక్కి తీసుకున్నారు. ఆ మార్పులో తప్పేమీ లేదని ఆయనకు తెలుసు. అయినా వాడేవాడి యంత్రం ఆగిపోవడమే పెద్ద విషయమని భావించారు. 5.4లో అసలు సమస్యకు వేరే పరిష్కారం వచ్చింది. డిస్క్ వేగం పెంచబోతే బూట్ ఆగిపోయింది. కారణం, ఫలితం ఇంత దూరంగా ఉండగలవు కాబట్టే ఊహల మీద వైద్యం చేయకూడదు.

ఇక సిస్ సంగతి. ఈ ప్రశ్నకు ప్రాణం ఇక్కడే ఉంది.

టెర్మినల్లో ఒక చిన్న కమాండ్ కొట్టామంటే లోపల జరిగేది చిన్న పని కాదు. షెల్ తనకు నకలు తీసుకుంటుంది, దాన్ని ఫోర్క్ అంటారు. ఆ నకలు స్థానంలోకి కొత్త ప్రోగ్రాం వస్తుంది, అది ఎగ్జెక్. లైబ్రరీలు ఒక్కొక్కటీ తెరిచి జ్ఞాపకంలోకి తగిలించుకోవాలి. తాకిన ప్రతి కొత్త పేజీ దగ్గరా ఒక పేజీ ఫాల్ట్. వీటిలో ప్రతి అడుగునా ప్రోగ్రాం నుంచి కెర్నెల్‌లోకి వెళ్లి వెనక్కి రావాలి. ఒక్క కమాండ్‌కే ఇలాంటి రాకపోకలు వందల్లో ఉంటాయి. వేల చిన్న కమాండ్లు నడిపే షెల్ స్క్రిప్ట్‌లో లక్షల్లోకి పోతాయి. ఆ గడప దాటే ఖర్చు ఏ కాస్త పెరిగినా వీడియో చూసేవాడికి తెలియదు, స్క్రిప్టులు నడిపేవాడికి వెంటనే తెలుస్తుంది.

2018 జనవరి 3న సరిగ్గా ఆ ఖర్చే పెరిగింది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు ఆ రోజు లోకానికి తెలిశాయి. గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో యాన్ హార్న్, ఆస్ట్రియాలోని గ్రాట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇంకొందరు వీటిని విడివిడిగా కనిపెట్టారు. వేగం కోసం ప్రాసెసర్ ముందే ఊహించి చేసుకుపోయే పనుల జాడల నుంచి కెర్నెల్ రహస్యాలు చదవవచ్చని వాళ్లు చూపించారు. మెల్ట్‌డౌన్‌కు విరుగుడుగా కెర్నెల్ పేజీ పట్టికలను ప్రోగ్రాం పట్టికల నుంచి వేరు చేశారు. దీన్ని కేపీటీఐ అంటారు. కెర్నెల్‌లోకి వెళ్లిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ పట్టిక మార్చాలి. పీసీఐడీ అనే సదుపాయాన్ని వాడుకోగలిగితే మార్చినప్పుడల్లా పాత చిరునామాల నిలవను చెరిపేయనక్కర్లేదు, ఖర్చు బాగా తగ్గుతుంది. లైనక్స్ ఈ సదుపాయాన్ని 4.14 నుంచే వాడుకుంటోంది. అంతకన్నా పాత కెర్నెల్ మీద ఉన్నవాళ్లు, పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఎక్కువ చెల్లించారు.

ఎంత నష్టమన్న ప్రశ్నకు ఒకే అంకె చెప్పేవాళ్లను నేను నమ్మను. అప్పట్లో నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేస్తున్న బ్రెండన్ గ్రెగ్ తమ సర్వర్ల మీద కేపీటీఐ భారం 0.1 నుంచి 6 శాతం మధ్య ఉండవచ్చని 2018 ఫిబ్రవరిలో రాశారు. క్షణానికి ఎన్ని సిస్టం కాల్స్ జరుగుతాయన్న దాన్ని బట్టే అది మారుతుందని స్పష్టంగా చూపించారు. కృత్రిమంగా సిస్టం కాల్స్ కుమ్మరిస్తే భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. విండోస్ విషయంలో మైక్రోసాఫ్ట్ ఆ జనవరిలోనే నిజాయితీగా చెప్పింది: 2016 నాటి కొత్త ప్రాసెసర్ల మీద విండోస్ 10 వాడేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు, 2015 నాటివి, అంతకన్నా పాతవి వాడేవాళ్లలో కొందరికి తెలుస్తుంది, పాత ప్రాసెసర్ మీద విండోస్ 7, 8 వాడేవాళ్లలో ఎక్కువమందికి తెలుస్తుంది అని. ఎవరి చేతిలో పాత యంత్రం ఉందో వాళ్ల మీదే బరువెక్కువ పడుతుందని తయారీదారే ఒప్పుకున్న మాట అది.

ఆ తర్వాత ఇలాంటి లోపాలు, వాటి విరుగుడులు వరుసగా వచ్చాయి. 2018 నవంబరులో 4.20 కెర్నెల్ తయారీలో ఎస్‌టీఐబీపీ అనే రక్షణను అందరికీ పెట్టేశారు. కొన్ని పనులు సగానికి సగం నెమ్మదించాయి. టోర్వాల్డ్స్ గట్టిగా అభ్యంతరం చెప్పాక, 4.20 విడుదలయ్యేలోపే దాన్ని కోరుకున్న ప్రోగ్రాములకే పరిమితం చేశారు. 2022 జులైలో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు యోహానెస్ విక్నర్, కావే రజావి రెట్‌బ్లీడ్ అనే మరో ప్రాసెసర్ లోపాన్ని బయటపెట్టారు. దాని విరుగుడుకు ఏఎండీ మీద 14 శాతం, ఇంటెల్ మీద 39 శాతం దాకా భారం పడుతుందని వాళ్ల కొలతల్లోనే తేలింది. ఆ ఏడాది సెప్టెంబరులో వీఎంవేర్ ఇంజినీర్లు 5.19 కెర్నెల్‌తో తమ వర్చువల్ యంత్రాల్లో లెక్కల పని 70 శాతం దాకా, నెట్‌వర్క్ 30 శాతం దాకా పడిపోయిందని కెర్నెల్ డెవలపర్లకు రాశారు. రెట్‌బ్లీడ్ రక్షణ తీసేస్తే వేగం తిరిగొచ్చింది.

రెట్‌బ్లీడ్ ఏ ఇంటెల్ ప్రాసెసర్లను తాకిందో చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆరో తరం నుంచి ఎనిమిదో తరం దాకా. అంటే చాలావరకు విండోస్ 11 వద్దన్నవి, సీటీసీలో చవగ్గా దొరికేవి, మన పిల్లలు గుడ్లవల్లేరు, మచిలీపట్నం, విజయవాడ కాలేజీల హాస్టళ్లకు పట్టుకెళ్లేవి. కొత్త యంత్రం కొనగలిగినవాడికి రక్షణ చాలావరకు చిప్‌లోనే ఉంటుంది. కొనలేనివాడు అదే రక్షణకు ప్రతి కమాండ్ దగ్గరా కొంత వేగం అప్పజెప్పాలి. ఈ అన్యాయాన్ని కెర్నెల్ డెవలపర్ల మీద మోపలేం, తప్పు చిప్‌లో ఉంది. కానీ అది ఉందన్న సంగతి కొనేవాళ్లకు తెలియాలి.

తన యంత్రం మీద ఏ రక్షణలు పనిచేస్తున్నాయో ఎవరైనా చూసుకోవచ్చు. ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొడితే చివర్లో ఒక్కో లోపం పేరు, దాని పక్కన యంత్రానికి ఆ లోపం ఉందా, విరుగుడు ఏమిటి అన్నది వరుసగా కనిపిస్తుంది. పాత కెర్నెల్‌లో ఒకసారి, కొత్తదాంట్లో ఒకసారి తీసి రెండూ పక్కపక్కన పెడితే కొత్తగా ఏ రక్షణ చేరిందో తెలిసిపోతుంది. సిస్ సమయం పెరిగి, కొత్త విరుగుడు ఒకటి చేరి ఉంటే కారణం దాదాపు దొరికినట్టే.

ఇక్కడే ఆ ప్రమాదకరమైన సలహా వస్తుంది. 2019లో 5.2 కెర్నెల్‌తో మిటిగేషన్స్ అనే ఒకే బూట్ మాట చేర్చారు. దానికి ఆఫ్ అని పెడితే ఈ రక్షణలన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. వేగం కొంత తిరిగొస్తుంది, అది నిజం. కానీ నెట్ సెంటర్ యంత్రంలో పగలంతా ఎవరెవరో ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు, పెన్షన్ దరఖాస్తులు కొడుతుంటారు. స్పెక్టర్ దాడిని బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ నుంచే చేయవచ్చని పరిశోధకులు చూపించారు. ఇతరుల వివరాలు తాకే యంత్రం మీద ఆ రక్షణ తీసే హక్కు యజమానికి లేదని నా అభిప్రాయం. నెట్‌కు తగలని, ఒకే మనిషి ప్రోగ్రాములు కంపైల్ చేసుకునే యంత్రమైతే అది వేరే లెక్క. పరీక్ష కోసం ఒక్కసారి ఆఫ్ చేసి బూట్ చేయడంలో తప్పు లేదు. తేడా కొలిచి, రోగం ఇదేనని తేల్చుకుని, వెంటనే తిరిగి పెట్టేయాలి.

అప్‌డేట్లనే ఆపేయాలన్న వాదం కూడా 2024 తర్వాత బలపడింది. ఆ ఏడాది జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక చెడ్డ ఫైల్ ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను కూలదోసింది. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ చేతిరాత ఫొటో చూసినవాళ్లకు భయం కలగడం సహజం. అయితే అక్కడ చెడింది ఆపరేటింగ్ సిస్టం కెర్నెల్ కాదు, కెర్నెల్ స్థాయిలో నడిచే వేరే సంస్థ డ్రైవర్. పైగా వెనక్కి వెళ్లే దారి మనిషి చేతుల్లో సిద్ధంగా లేకపోవడమే అక్కడ నష్టాన్ని పెంచింది. గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎప్పుడూ ఒకటి ఉంచుకోవాలనడానికి అంతకన్నా మంచి కారణం వెతకనక్కర్లేదు.

యూజర్ సమయం పెరిగిన సందర్భానికి గొప్ప ఉదాహరణ టోర్వాల్డ్స్‌దే. 2024 జనవరిలో 6.8 కెర్నెల్ కోసం మార్పులు కలుపుతుండగా ఆయన 32 కోర్ల యంత్రం మీద, మార్చిందేమీ లేకపోయినా నడిపి చూసే కెర్నెల్ బిల్డ్ 22 సెకన్ల నుంచి 44 సెకన్లకు పోయింది. మార్పులను సగం సగం చేసుకుంటూ వెనక్కి వెతికితే తప్పు షెడ్యూలర్‌లో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే భాగంలో దొరికింది. పని ఉన్నా ప్రాసెసర్ పూర్తి వేగానికి ఎక్కడం లేదు. ఏఎండీలో పనిచేసే మరో డెవలపర్ తన యంత్రం మీదా అదే చూశారు. ఆ మార్పు రాసిన వ్యక్తే దాన్ని సరిదిద్దారు.

ఆయనకు జరిగింది కొత్త కెర్నెల్ తప్పు. మన యంత్రాల్లో ప్రాసెసర్ వేగం పడిపోతే ముందు చార్జర్‌ను చూడాలి. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లు తమ చార్జర్‌ను గుర్తుపట్టలేకపోతే ప్రాసెసర్‌ను అడుగు వేగానికి, ఒక్కోసారి 800 మెగాహెర్ట్జ్ దగ్గరకు, కట్టేస్తాయి. బజారులో నాలుగు వందలకు కొన్న చార్జర్‌తో, లేదా పిన్ను లోపలి సన్నటి తీగ విరిగిన అసలు చార్జర్‌తో ఇదే జరుగుతుంది. చాలా యంత్రాలు చార్జర్‌ను బూట్ సమయంలో చూస్తాయి కాబట్టి అప్‌డేట్ కోసం చేసిన రీబూట్‌తోనే ఇది బయటపడుతుంది. ఇక రోహిణీ కార్తెలో, ఫ్యాన్ నిండా దుమ్ము, ఉప్పుగాలికి తుప్పెక్కిన రెక్కలు, ఎండి గట్టిపడిన థర్మల్ పేస్ట్ ఉంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దేనికైనా పరీక్ష ఒకటే. బరువైన పని నడుస్తుండగా ప్రాసెసర్ ఎన్ని మెగాహెర్ట్జ్ మీద ఉందో, ఎంత వేడిగా ఉందో చూడాలి.

ఇంకో కారణం తక్కువమందికి తెలుసు. ప్రోగ్రాములు సమయం ఎంతైందని క్షణానికి వేలసార్లు అడుగుతుంటాయి. మామూలుగా ప్రాసెసర్ లోపలి టీఎస్‌సీ గడియారం నుంచి, కెర్నెల్‌లోకి వెళ్లకుండానే జవాబు దొరుకుతుంది. ఆ గడియారం నమ్మదగ్గది కాదని కెర్నెల్ అనుకుంటే బయట ఉన్న హెచ్‌పీఈటీ గడియారానికి మారుతుంది. అప్పుడు ప్రతి ప్రశ్నకూ కెర్నెల్‌లోకి వెళ్లాలి, మందకొడి చిప్‌ను అడగాలి. కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్‌లో టీఎస్‌సీ పక్కన అన్‌స్టేబుల్ అన్న మాట కనిపిస్తే ఇదే సంగతి.

డిస్క్, ర్యామ్ సంగతులు క్లుప్తంగా చెప్తాను. 2019లో వచ్చిన 5.0తో పాత డిస్క్ షెడ్యూలర్లు, వాటిలో ఎన్నో ఏళ్లు డెస్క్‌టాప్‌లకు ఆధారంగా ఉన్న సీఎఫ్‌క్యూ, వెళ్లిపోయాయి. పళ్లెం తిరిగే డిస్క్ ఉన్నవాళ్లు బీఎఫ్‌క్యూ అనే షెడ్యూలర్‌ను పెట్టి చూడవచ్చు. కానీ అంతకన్నా ముందు డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదిక తీసి, రీఎలొకేటెడ్, పెండింగ్ అన్న వరుసల్లో సున్నా కాక వేరే అంకె ఉందేమో చూడాలి. అప్‌డేట్ అంటే డిస్క్ మీద వందల మెగాబైట్ల కొత్త రాత. మూలనున్న చెడ్డ సెక్టార్లు బయటపడేది అప్పుడే. అలాంటి అంకె కనిపిస్తే ఇక కెర్నెల్ గురించి ఆలోచించకండి, ఫైళ్లు నకలు తీసుకోండి. ర్యామ్ విషయంలో కొత్త కెర్నెలే మేలు చేసిన ఉదాహరణ ఉంది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1లో, గూగుల్‌కు చెందిన యూ జావ్ రాసిన కొత్త జ్ఞాపక నిర్వహణ విధానం చేరింది. 4 జీబీ ర్యామ్‌తో నెట్టుకొచ్చే యంత్రాలకు అది పనికొచ్చే మార్పు. మీ డిస్ట్రో, అంటే మీరు వాడే ఉబుంటు, మింట్ లాంటిది, దాన్ని ఆన్ చేసిందో లేదో చూసుకుంటే చాలు.

మూడు దారుల్లో ఏది అన్నది తేలాక లోపలికి తొంగి చూసే సాధనాలు కావాలి. ఎస్‌ట్రేస్ ఒక కమాండ్ చేసే ప్రతి సిస్టం కాల్‌నూ, దానికి పట్టిన సమయంతో సహా చూపిస్తుంది. ఎక్కడ ఆగిందో వెంటనే దొరుకుతుంది. కానీ ఎస్‌ట్రేసే కమాండ్‌ను బాగా నెమ్మదింపజేస్తుంది కాబట్టి మొత్తం సమయం కొలవడానికి దాన్ని వాడకూడదు. కెర్నెల్ లోపల ఏ ఫంక్షన్ ప్రాసెసర్‌ను తింటోందో పెర్ఫ్ చూపిస్తుంది. మన కంటికి కనిపించకుండా పుట్టి పోయే చిన్న ప్రాసెస్‌లను ఎగ్జెక్‌స్నూప్ పట్టుకుంటుంది. టెర్మినల్ తెరవగానే ఆలస్యమయ్యే యంత్రాల్లో దీన్ని నడిపి చూస్తే, షెల్ మొదలయ్యేటప్పుడు ఎవరో చేర్చిన పైథాన్, నోడ్ సెటప్ స్క్రిప్టులు డజన్ల కొద్దీ కమాండ్లు నడపడం కనిపిస్తుంది.

ఈ సాధనాల వెనక మనవాళ్ల శ్రమ ఉందన్నది తెలుగు పాఠకులకు చెప్పి తీరాలి. నడుస్తున్న కెర్నెల్‌లో దాదాపు ఏ చోటనైనా గుచ్చి చూడగల కేప్రోబ్స్ 2004లో 2.6.9 కెర్నెల్‌లో చేరింది. ఐబీఎంలోని భారతీయ ఇంజినీర్లు దాన్ని నిలబెట్టినవాళ్లలో ఉన్నారు. మామూలు ప్రోగ్రాముల లోపలా అలాగే గుచ్చి చూడగల యూప్రోబ్స్‌ను ఐబీఎం ఇంజినీరు శ్రీకర్ ద్రోణంరాజు ఏళ్లపాటు మళ్లీ మళ్లీ తిరగరాసి, 2012లో 3.5 కెర్నెల్‌లోకి తెచ్చారు. ఆ ఇంటిపేరు మనకు కొత్తది కాదు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఎవరు బీపీఎఫ్‌ట్రేస్ అనే సాధనంతో ఒక ప్రోగ్రాం ఎందుకు నెమ్మదించిందో వెతికినా ఆ పునాది మీదే నిలబడి వెతుకుతున్నారు.

కెర్నెలే దోషి అని తేలితే ఏం చేయాలి? కొత్త విడుదల ఒక్కోదానిలో పది పన్నెండు వేలకు పైగా మార్పులుంటాయి. అయినా టోర్వాల్డ్స్ చేసినట్టు సగం సగం చేసుకుంటూ పోతే పద్నాలుగు బూట్లలోపే తప్పు చేసిన ఒక్క మార్పు దొరుకుతుంది. గిట్ బైసెక్ట్ చేసేది అదే. పాత లాప్‌టాప్ మీద ఒక్కో కెర్నెల్ కంపైల్ చేయడానికి గంటలు పడుతుంది. అందుకని అంత దూరం పోకుండా, డిస్ట్రో ఇచ్చే వేరు వేరు కెర్నెల్ వెర్షన్లను వేసి చూసి ఏది మంచిది, ఏది చెడ్డది అన్నంతవరకు చెప్పినా డెవలపర్లకు చాలా మేలు. వాడేవాళ్లకు పనిచేస్తున్నదాన్ని చెడగొట్టకూడదన్నది లైనక్స్ కెర్నెల్‌లో మొదటి నియమం. ఇలాంటి ఫిర్యాదులను వెంటబడి నమోదు చేయడానికి థోర్స్టెన్ లేమ్‌హూయిస్ అనే జర్మన్ రెగ్జ్‌బాట్ అనే సాధనం తయారుచేశారు. ఫిర్యాదు రాసే పద్ధతిని కెర్నెల్ పత్రాల్లోనే వివరించారు.

అయితే వేగం పరీక్షలు ఎక్కువగా జరిగేది ఎక్కడ? ఇంటెల్ నడిపే రోబో వచ్చిన ప్రతి మార్పునూ కంపైల్ చేసి, కొలిచి చూస్తుంది. క్లౌడ్ కంపెనీలు తమ సర్వర్ల మీద కొలుస్తాయి. ఏడో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పళ్లెం తిరిగే డిస్క్, మే నెల ఎండ, ఊగిసలాడే వోల్టేజీ ఉన్న యంత్రం ఆ లెక్కల్లో చాలా అరుదు. అక్కడ తేలిన 2 శాతం నష్టం ఇక్కడ ఎంతవుతుందో ఇక్కడివాళ్లు కొలిచి చెప్తేనే తెలుస్తుంది. తెలుగులో లైనక్స్ కోసం 2005లో మొదలైన స్వేచ్ఛ లాంటి సంస్థలు భాషను కంప్యూటర్‌లోకి తెచ్చాయి. వాటి చుట్టూ పెరిగిన కాలేజీ బృందాలు ఇప్పుడు ఈ కొలతల పని కూడా ఎత్తుకుంటే బాగుంటుంది. ప్రతి కెర్నెల్ విడుదలప్పుడు ఒకే స్క్రిప్టును పాత యంత్రాల మీద నడిపి, ప్రాసెసర్ తరం, కెర్నెల్ వెర్షన్, ఆన్‌లో ఉన్న రక్షణలు, రియల్, యూజర్, సిస్ అంకెలు ఒక పట్టికలో రాసి అందరికీ అందుబాటులో పెట్టాలి. ఇంగ్లీషు బాగా వచ్చినా రాకపోయినా ఫిర్యాదుకు కావలసింది ఆ అంకెలే: మంచి కెర్నెల్ ఏది, చెడ్డ కెర్నెల్ ఏది, ఒకే కమాండ్‌కు రెండింటిలో పట్టిన సమయం ఎంత, రెండు బూట్ల డీమెసేజ్, ఎల్ఎస్‌సీపీయూ చూపిన వివరాలు. ముందుగా డిస్ట్రో బగ్ పట్టికలో రాయాలి. డిస్ట్రో కలిపిన మార్పులు లేని అసలు కెర్నెల్‌లోనూ అదే కనిపిస్తే పనిచేస్తున్నది చెడిపోయిందన్న ఫిర్యాదుల కోసం ఉన్న కెర్నెల్ రిగ్రెషన్ మెయిలింగ్ జాబితాకు పంపాలి.